కోడ్ చేతికొస్తే యాప్ మనదైనట్టేనా?

ఒంగోలు అద్దంకి బస్టాండ్ దగ్గర ఏ జిరాక్స్ షాపులో నిలబడినా ఒక మాట వినపడుతుంది: "టెలిగ్రామ్‌లో పెట్టండి, ప్రింట్ తీస్తా." డీఎస్సీ నోట్సు, గ్రూప్-2 మెటీరియల్, హాల్ టికెట్లు, పొలం కాగితాల ఫొటోలు, ఆధార్ కాపీలు అన్నీ ఆ షాపు కంప్యూటర్లో తెరిచిపెట్టిన టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లోకే వచ్చి పడతాయి. 2 జీబీ ఫైలైనా చెక్కుచెదరకుండా వస్తుందని షాపువాళ్లకి దాని మీద గురి. ఇంత నమ్మి పెట్టుకున్న యాప్ ఆ కంప్యూటర్లోకి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే మాత్రం చాలామంది దగ్గర జవాబుండదు. గూగుల్‌లో కొట్టారు, పైన కనపడ్డ లింకు నొక్కారు, నెక్స్ట్ నెక్స్ట్ అనుకుంటూ ఇన్‌స్టాల్ చేశారు. ఆ పైన కనపడ్డది ఒక్కోసారి డబ్బులిచ్చి పెట్టించుకున్న ప్రకటన. పేరూ బొమ్మా అచ్చం అలాగే ఉంటాయి, లోపల ఇంకేదైనా ఉండొచ్చు.

ఈ సంగతి ఇంజినీరింగ్ చదివే పిల్లల దగ్గర ఎత్తినప్పుడల్లా ఒకరైనా అడుగుతారు: "దాని సోర్స్ కోడ్ ఓపెనే కదన్నా. ఎవడో ఇచ్చిందెందుకు, మనమే బిల్డ్ చేసుకుంటే పోలా?" పోతుంది గానీ, అనుకున్నంత పోదు. సొంతంగా బిల్డ్ చేసుకున్నా, అంటే మనుషులు రాసిన సోర్స్ కోడ్ నుంచి నడిచే ప్రోగ్రామ్‌ని మనమే కట్టుకున్నా, మనం నమ్మాల్సినవాళ్ల జాబితా చెరిగిపోదు. కాస్త కురచవుతుంది, అంతే. కాకపోతే ఆ జాబితాలో ఎవరెవరున్నారో అప్పుడే మొదటిసారి కళ్లకు కడుతుంది. నా లెక్కలో బిల్డ్ చేయడంలో ఉన్న అసలు లాభం ఇదే. యాప్ కావాలంటే అధికారిక సైటు నుంచి దింపుకోవడం ఎలాగూ తేలిక.

జిప్ దింపితే చాలదు

టెలిగ్రామ్ డెస్క్‌టాప్ కోడ్, ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటులో టీడెస్క్‌టాప్ అనే పేరుతో ఉంది. రాసింది సి ప్లస్ ప్లస్‌లో. విండోలు, బటన్లు, స్క్రోలింగ్ లాంటి పైకి కనపడేదంతా క్యూట్ అనే లైబ్రరీ మీద నడుస్తుంది. లైసెన్స్ జీపీఎల్ మూడో వెర్షన్. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, తమ కోసం బిల్డ్ చేసుకోవచ్చు. మార్చిందాన్ని నలుగురికీ పంచితే మాత్రం ఆ మార్చిన కోడ్‌ని కూడా అదే షరతుల మీద ఇవ్వాలి.

గిట్‌హబ్ పేజీలో ఆకుపచ్చ బటన్ నొక్కితే 'డౌన్‌లోడ్ జిప్' కనపడుతుంది. కొత్తవాళ్లు అందరూ మొదట నొక్కేది దాన్నే, బోల్తా పడేదీ అక్కడే. ఈ ప్రాజెక్టు ఒకే ముక్క కాదు. దాని భాగాలు కొన్ని వేరే రిపాజిటరీల్లో (కోడ్ దాచే గిడ్డంగుల్లో) ఉంటాయి, వాటిని ఇక్కడ సబ్‌మాడ్యూళ్లుగా తగిలించారు. ప్రధాన రిపాజిటరీలో ఉండేది ఆ భాగాల చిరునామా, ఏ కమిట్ (కోడ్‌లో ఒక మార్పు నమోదైన చోటు) దగ్గర ఆగాలో చెప్పే గుర్తు, అంతవరకే. అందుకే జిప్ విప్పితే ఆ ఫోల్డర్లు ఖాళీగా కనపడతాయి. తర్వాత బిల్డ్‌కి అన్నీ సిద్ధం చేసే సీమేక్ అనే టూల్ నడిపితే 'ఈ ఫోల్డర్లో సీమేక్‌లిస్ట్స్ ఫైలు లేదు' అని ఎర్రర్ కొడుతుంది. లేదంది కదా అని వేరే ప్రాజెక్టు నుంచి ఆ పేరుతో ఉన్న ఫైలొకటి తెచ్చి అందులో పడేసినవాళ్లనీ చూశాను. లేనిది ఆ ఒక్క ఫైలు కాదు, ఆ ఫోల్డర్ మొత్తం.

కోడ్ మొత్తాన్ని నకలు దింపే గిట్ క్లోన్ కమాండ్‌లో రికర్సివ్ అనే ఆప్షన్ చేరిస్తే సబ్‌మాడ్యూళ్లు కూడా వెంట వస్తాయి. మర్చిపోయి ముందే క్లోన్ చేసేసి ఉంటే గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ కమాండ్‌ని ఇనిట్, రికర్సివ్ ఆప్షన్లతో కొడితే సరిపోతుంది. ఇవన్నీ వద్దనుకుంటే రిలీజుల పేజీలో 'ఫుల్' అని పేరున్న టార్ ఫైలు (జిప్ లాంటి మూట) ఉంటుంది, అందులో అన్నీ కలిపే ఉంటాయి. మన ఊళ్లలో ఈ టార్ ఫైలే మేలు అనిపిస్తుంది నాకు. గిట్ క్లోన్ మధ్యలో నెట్ పోతే ఆగిన చోటు నుంచి మొదలవదు, మళ్లీ మొదటికే వస్తుంది. రోడ్డు తవ్వకాల్లో ఫైబర్ కేబుల్ తెగడం, గాలివానకి కరెంటు పోవడం మనకి కొత్తేమీ కాదు. క్లోనే కావాలంటే డెప్త్ 1 అని పెట్టుకోవాలి. పాత చరిత్రంతా దిగదు, తాజా కోడ్ ఒక్కటే దిగుతుంది.

కోడ్ కంటే దాని పరివారమే పెద్దది

క్లోన్ అయిపోగానే సగం పని అయిందనుకుంటారు. టెలిగ్రామ్ వాళ్లు రాసిన కోడ్ ఒక్కటే ఉంటే అది ఒక్క మెసేజ్ కూడా పంపలేదు. వీడియో విప్పి చూపడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ కావాలి. గుప్తలేఖనానికి ఓపెన్ఎస్ఎస్ఎల్, వాయిస్ మెసేజ్‌ని చిన్న సైజులో నొక్కడానికి ఓపస్, శబ్దం స్పీకర్‌కి పంపడానికి ఓపెన్ఏఎల్ కావాలి. కాల్స్ కోసం గూగుల్ 2011లో బయటపెట్టిన వెబ్ఆర్‌టీసీ ఉంది. దాన్ని టెలిగ్రామ్ వాళ్లు తమకి తగ్గట్టు సర్ది వేరే రిపాజిటరీలో పెట్టుకున్నారు. క్యూట్‌ని కూడా యథాతథంగా వాడరు, తమ సొంత ప్యాచ్‌లు కొన్ని వేసి వాడతారు.

ప్యాచ్ అన్న చిన్న మాటలోనే చాలా తిప్పలున్నాయి. "మా కంప్యూటర్లో క్యూట్ ఆల్రెడీ ఉంది కదా, మళ్లీ ఎందుకు" అనుకుని ఆ అడుగు దాటేస్తే, కోడ్ ఆశించే మార్పులు అందులో ఉండవు. బిల్డ్ మధ్యలో ఎక్కడో ఒక ఫంక్షన్ దొరకలేదని ఆగుతుంది. లేదా బిల్డ్ అయి, నడిచేటప్పుడు అర్థంకాని చోట తేడా కొడుతుంది. వెర్షన్ల సంగతీ అంతే. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఒక పెద్ద వెర్షన్ నుంచి మరో పెద్ద వెర్షన్‌కి వెళ్తే పాత ఫంక్షన్లు కొన్ని తీసేస్తారు. కోడ్ ఒక వెర్షన్ కోసం రాసి ఉంటుంది, మన సిస్టమ్‌లో ఇంకోటి ఉంటుంది, రెండింటికీ పొసగదు.

అందుకే విండోస్ కోసం ఆ రిపాజిటరీలోనే ఒక ప్రిపేర్ స్క్రిప్ట్ పెట్టారు. అది కావలసిన లైబ్రరీలన్నీ కావలసిన వెర్షన్లలో దింపి, ప్యాచ్‌లు వేసి, ఒక్కొక్కటే బిల్డ్ చేస్తుంది. సమయం ఎక్కువ పట్టేది దీనికే. రాత్రి పెట్టి పడుకుని పొద్దున లేచి చూసుకునే పని. ఊరట ఏంటంటే పని దశలవారీగా జరుగుతుంది. మధ్యలో కరెంటు పోయినా అయిపోయిన దశలని వదిలేసి, ఆగిన దశ నుంచి ఎత్తుకుంటుంది. లైనక్స్‌లో ఇంకో దారి ఎంచుకున్నారు. లైబ్రరీలన్నీ ముందే అమర్చిన డాకర్ కంటైనర్ (కంప్యూటర్ లోపల విడిగా ఉండే చిన్న లైనక్స్ గది లాంటిది) తయారుచేసుకుని, బిల్డ్ అందులోనే నడపాలి. ఆ కంటైనర్‌కి సెంట్ఓఎస్ అనే పాత లైనక్స్ పేరు పెట్టడం చూసి "ఇంత పాతదెందుకు" అంటారు పిల్లలు. పాత జీలిబ్‌సీ (లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామ్ ఆధారపడే మూల లైబ్రరీ) మీద కట్టిన ప్రోగ్రామ్ కొత్త లైనక్స్‌ల మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతవాటి మీద నడవదు. అందరి కంప్యూటర్లలో నడవాలంటే కింది మెట్టు మీదే నిలబడి కట్టాలి.

ఫోల్డర్ పేరు దగ్గర కూడా ఆగాల్సిందే. డెస్క్‌టాప్ మీద 'న్యూ ఫోల్డర్ (2)' అని పెట్టి అందులో మొదలుపెడతారు. యూజర్ పేరు 'సాయి కుమార్' అని మధ్యలో ఖాళీతో ఉంటుంది. పాత స్క్రిప్టులు కొన్ని ఆ ఖాళీ దగ్గరే తెగి, సాయి అనే ఫోల్డర్ కనపడలేదంటాయి. పైగా విండోస్‌లో ఫైలు దారి మొత్తం 260 అక్షరాలు దాటకూడదన్న పాత పరిమితి చాలా టూళ్లకి ఇంకా అడ్డొస్తుంది. క్యూట్ లాంటి లైబ్రరీల్లో ఫోల్డర్ లోపల ఫోల్డర్ లోపల ఫోల్డర్. టెలిగ్రామ్ వాళ్ల పత్రంలో డి డ్రైవ్‌లో టీబిల్డ్ లాంటి పొట్టి పేరు ఉదాహరణగా ఇచ్చారు, అలాంటిదే పెట్టుకుంటే గొడవ తప్పుతుంది. ఆ ఫోల్డర్ వన్‌డ్రైవ్ కిందికి రాకుండా చూసుకోవాలి. లేకపోతే పుట్టే ప్రతి చిన్న ఫైలునీ అది క్లౌడ్‌లోకి ఎక్కించబోతుంది. యాంటీవైరస్‌కి కూడా ఆ ఒక్క ఫోల్డర్ జోలికి పోవద్దని చెప్పుకుంటే బిల్డ్ వేగం తేడా తెలుస్తుంది.

ఇంకోటి: కమాండ్లన్నీ మామూలు కమాండ్ ప్రాంప్ట్‌లో కొట్టకూడదు. విజువల్ స్టూడియోతో పాటు 'నేటివ్ టూల్స్ కమాండ్ ప్రాంప్ట్' అని వేరేగా వస్తుంది. అది తెరిస్తేనే కంపైలర్, లింకర్, విండోస్ హెడర్లు ఎక్కడున్నాయో సిస్టమ్‌కి తెలుస్తుంది. అందులోనూ 32 బిట్‌కి ఒకటి, 64 బిట్‌కి ఒకటి. లైబ్రరీలు ఒకదాంట్లో, యాప్ ఇంకోదాంట్లో కడితే చివర్లో లింకర్ ఒప్పుకోదు.

మొదటి ఎర్రర్ చదవాలి

సి ప్లస్ ప్లస్ బిల్డ్‌లో ఏం జరుగుతుందో కొంచెం తెలిస్తే ఎర్రర్ల భయం సగం పోతుంది. మొదట ప్రతి ఫైలులోకీ దానికి కావలసిన హెడర్ ఫైళ్లు (ఏయే ఫంక్షన్లున్నాయో చెప్పే జాబితాలు) వచ్చి అతుక్కుంటాయి. తర్వాత కంపైలర్ ఆ ఒక్కో ఫైలునీ విడిగా మెషిన్ కోడ్‌గా మార్చి ఆబ్జెక్ట్ ఫైలు చేస్తుంది. చివర్లో లింకర్ వచ్చి ఆబ్జెక్ట్ ఫైళ్లన్నిటినీ, లైబ్రరీలనీ కలిపి ఒక్క ప్రోగ్రామ్‌గా కుడుతుంది. ఎర్రర్ ఈ మూడింట్లో ఎక్కడ వచ్చిందో పోల్చుకుంటే చాలు, మందు దొరుకుతుంది.

హెడర్ పేరు చెప్పి 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటే మొదటి దశలోనే ఆగిందని. ఉబుంటు లైనక్స్‌లో అయితే దీనికి కారణం చాలాసార్లు ఒకటే. లైబ్రరీ నడవడానికి ఒక ప్యాకేజీ, దాన్ని వాడి కొత్తది కట్టడానికి పేరు చివర 'డెవ్' ఉండే ఇంకో ప్యాకేజీ ఉంటాయి. మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు. 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అన్నా, విజువల్ స్టూడియోలో 'ఎల్ఎన్‌కే2019' అన్నా లింకర్ దగ్గర ఆగిందని. హెడర్ చూసి ఫంక్షన్ ఉందని కంపైలర్ నమ్మింది, తీరా లైబ్రరీలో వెతికితే అది లేదు. లైబ్రరీ చేర్చడం మర్చిపోయి ఉండాలి, వెర్షన్ వేరై ఉండాలి, లేదా 32కీ 64కీ లంకె పడి ఉండాలి.

స్క్రీన్ మీద వందలకొద్దీ ఎర్రర్లు పరిగెడుతుంటే కింద కనపడేదాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టి "హెల్ప్ అన్నా" అంటారు. కింద ఉండేది దేనికీ పనికిరాదు. పైకి పోయి మొదటి ఎర్రర్ చూడాలి. మొదటిది పోతే దాని తోక పట్టుకుని వచ్చినవన్నీ పోతాయి.

ఎర్రర్‌లా కనపడని ఎర్రర్ ఒకటుంది. బిల్డ్ బాగానే నడుస్తూ నడుస్తూ 'కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్' అని ఆగిపోతుంది. కోడ్‌లో తప్పేదో ఉందని తలపట్టుకుంటారు. కోడ్‌లో ఏమీ లేదు, ర్యామ్ అయిపోయింది. నింజా అనే బిల్డ్ టూల్ ఎన్ని ప్రాసెసర్ కోర్లుంటే అన్ని ఫైళ్లని, ఇంకా ఒకటో రెండో ఎక్కువే, ఒకేసారి కంపైల్ చేయబోతుంది. టెంప్లేట్లు దట్టించిన సి ప్లస్ ప్లస్ ఫైలు ఒక్కోటి ర్యామ్‌ని జీబీల లెక్కన తింటుంది. 8 జీబీ లాప్‌టాప్‌లో ఎనిమిది కోర్లుంటే తట్టుకోలేక లైనక్సే ఒక ప్రాసెస్‌ని చంపేస్తుంది. జె 2 అని ఆప్షన్ ఇచ్చి రెండేసి ఫైళ్లే చేయమంటే నిదానంగానైనా పూర్తవుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకి పగటిపూట ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది, ఫ్యాన్ మోత తప్ప పని సాగదు.

తాళం చెవి ఎవరి దగ్గరుంది

ఇన్ని దాటాక బిల్డ్ పూర్తవుతుంది. పూర్తయిన ప్రోగ్రామ్ తెరిస్తే అచ్చం టెలిగ్రామే. కానీ ఈ ప్రోగ్రామ్ టెలిగ్రామ్ సర్వర్‌తో మాట్లాడాలంటే తానెవరో చెప్పుకోవాలి. దానికి ఏపీఐ ఐడీ, ఏపీఐ హ్యాష్ అని రెండు కావాలి. టెలిగ్రామ్ వాళ్ల సైటులో మన ఫోన్ నంబరుతో లాగిన్ అయి తీసుకోవాలి. నంబరుకి ఒక్కటే ఇస్తారు. బిల్డ్‌కి ముందు కాన్ఫిగర్ కమాండ్‌లో ఆ రెండూ ఇవ్వాలి.

అవి లేకుండా ప్రయత్నించడానికి కోడ్‌తో పాటు పరీక్ష కోసం ఒక ఐడీ ఇచ్చారు. దానికి పరిమితులు చాలా గట్టివి. దాంతో బిల్డ్ చేసి నలుగురికీ పంచితే లాగిన్ దగ్గరే సర్వర్ ఎర్రర్లు రావచ్చని వాళ్లే రాసిపెట్టారు. సొంత ఐడీ తీసుకున్నా షరతులుంటాయి. బయటికి ఇచ్చే యాప్‌కి టెలిగ్రామ్ పేరు పెట్టాలంటే ముందు 'అనఫిషియల్' అని ఉండాలి. వాళ్ల అధికారిక లోగో వాడకూడదు. ఆ ఐడీని దుర్వినియోగం చేస్తే వాళ్లు ఆపేయగలరు. కోడ్ మనం కట్టుకున్నాం, తలుపు మాత్రం వాళ్లది.

తలుపు అవతల ఉన్న సర్వర్ కోడ్ ఓపెన్ కాదు. టెలిగ్రామ్‌లో మామూలు చాట్లు ఎండ్ టు ఎండ్ గుప్తలేఖనంలో (పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఎవరూ చదవలేని పద్ధతిలో) ఉండవు, సర్వర్‌కి అందుబాటులోనే ఉంటాయి. ఆ రక్షణ ఉన్న సీక్రెట్ చాట్లు ఈ డెస్క్‌టాప్ యాప్‌లో లేనే లేవు. కాబట్టి "నేనే బిల్డ్ చేశాను, నా చాట్లు ఎవరూ చూడలేరు" అనుకుంటే తప్పులో కాలేసినట్టే. బిల్డ్ చేయడం వల్ల మన కంప్యూటర్లో నడిచే ముక్క సంగతి తెలుస్తుంది. తీగకి అవతలి కొసన ఏం జరుగుతుందో దానికి సంబంధం లేదు.

సిగ్నల్ అనే మరో మెసేజింగ్ యాప్ కథ ఇంకో రకం. అక్కడ చాట్లన్నీ ఎండ్ టు ఎండే, సర్వర్ కోడ్ కూడా ఓపెనే. డెస్క్‌టాప్ యాప్ టైప్‌స్క్రిప్ట్‌లో, ఎలక్ట్రాన్ మీద రాసింది. టెలిగ్రామ్‌తో పోలిస్తే బిల్డ్ ఎంతో తేలిక. జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపే నోడ్ జేఎస్ సరైన వెర్షన్ ఉంటే ప్యాకేజీలు దింపుకుని మొదలుపెట్టడమే. కానీ మామూలుగా డెవలప్‌మెంట్ బిల్డ్ అసలు సర్వర్‌కి పోదు, పరీక్షల కోసం పెట్టిన స్టేజింగ్ సర్వర్‌కి పోతుంది. మన ఫోన్‌లో ఉన్న సిగ్నల్‌తో దాన్ని లింక్ చేయలేం. ఈ సంగతి వాళ్ల పత్రంలో స్పష్టంగా రాసి ఉంది. అది చదవకుండా క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తూ, అవకపోతే తమ బిల్డే తప్పనుకునేవాళ్లు చాలామంది.

ఆ తేలికలో ఒక మెలిక కూడా ఉంది. ఎలక్ట్రాన్ అంటే క్రోమియం బ్రౌజర్నీ నోడ్ జేఎస్‌నీ కలిపి కట్టిన మూట. 2013లో గిట్‌హబ్ వాళ్లు ఆటమ్ ఎడిటర్ కోసం మొదలుపెట్టారు, స్లాక్, డిస్కార్డ్ కూడా దీని మీదే నడుస్తాయి. ఎలక్ట్రాన్ యాప్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేశామన్నప్పుడు క్రోమియంని మనం కంపైల్ చేయం. అది ముందే తయారై బైనరీగా దిగిపోతుంది. యాప్‌లో బరువంతా దానిదే. నోడ్ ప్యాకేజీలు కూడా ఒకదాని వెనక ఒకటి వందలకొద్దీ వస్తాయి. వాటిలో ఏది ఎవరు రాశారో చూసే ఓపిక ఎవరికీ ఉండదు. సోర్స్ నుంచి అన్న మాటకి ఎక్కడికక్కడ అర్థం మారుతుంటుంది.

చూసే కళ్లుండాలి

కోడ్ ఓపెన్‌గా ఉంటే ఎవరో ఒకరు చూస్తారన్న ధీమా మీద 2024లో రెండు దెబ్బలు పడ్డాయి.

ఒకటి టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లోనే. ప్రమాదకరమైన ఫైలు తెరవబోతే "జాగ్రత్త" అని అడగడానికి కోడ్‌లో ఎక్స్‌టెన్షన్ల జాబితా ఒకటి ఉంది. అందులో పైథాన్ ప్రోగ్రామ్‌ల ఎక్స్‌టెన్షన్ 'పీవైజెడ్‌డబ్ల్యూ' అని ఉండాల్సిన చోట 'పీవైడబ్ల్యూజెడ్' అని పడింది. రెండు అక్షరాలు అటూ ఇటూ అయ్యాయి. దాంతో విండోస్‌లో పైథాన్ ఉన్న కంప్యూటర్లో, వీడియోలా కనపడేట్టు పంపిన ఫైలు నొక్కితే ఏ హెచ్చరికా లేకుండా ప్రోగ్రామ్ నడిచేది. ఏప్రిల్‌లో బయటపడ్డాక సరిదిద్దారు, సర్వర్ వైపు కూడా అడ్డుకట్ట వేశారు. ఆ లైను అందరి కళ్ల ముందే ఉంది. చదివితే తెలిసిపోయేదే. జిరాక్స్ షాపులో రోజుకి ఎంతమంది ఫైళ్లు నొక్కి తెరుస్తారో తలుచుకుంటే కొంచెం టెన్షన్ పుట్టే విషయం.

రెండోది ఎక్స్‌జెడ్. ఫైళ్లు కుదించే చిన్న లైబ్రరీ, దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. జియా టాన్ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా ఏళ్లపాటు సాయం చేస్తూ ఆ ప్రాజెక్టు నిర్వహణలోకి వచ్చారు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఒక దొంగదారి పెట్టారు. ఎత్తు ఎక్కడుందంటే, దాన్ని రగిలించే స్క్రిప్టు గిట్ రిపాజిటరీలో లేదు, రిలీజుగా ఇచ్చిన టార్ ఫైలులో మాత్రమే ఉంది. అసలు సరుకు పరీక్షల కోసం పెట్టిన ఫైళ్లలో దాక్కుంది. రిపాజిటరీ చదివినవాళ్లకి అనుమానం రాదు, బిల్డ్ చేసినవాళ్ల కంప్యూటర్లోకి మాత్రం ఎక్కుతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్, ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని తవ్వి, మార్చి 29న బయటపెట్టారు. ఇందాక నేను మెచ్చుకున్న 'ఫుల్' టార్ ఫైలుకి కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది. నెట్ బాగుంటే గిట్ ట్యాగ్ నుంచి తీసుకోవడమే నికరం.

ఈ దారిలో ఇంకా లోపలికి పోతే కంపైలర్‌నే అనుమానించాల్సి వస్తుంది. యూనిక్స్ తయారుచేసినవాళ్లలో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లోనే చూపించారు: సోర్స్‌లో ఎక్కడా కనపడకుండా, కంపైలర్ బైనరీలోనే దొంగదారి పెట్టొచ్చు, ఆ కంపైలర్‌తో కట్టే కొత్త కంపైలర్‌కి కూడా అది అంటుకునేలా చేయొచ్చు. అంత దూరం మనం పోనక్కర్లేదు గానీ, అడుగున ఎక్కడో ఒక చోట నమ్మి ఆగక తప్పదని తెలిసి ఉండాలి.

దీనికి ఇంజినీర్లు కనిపెట్టిన జవాబు రీప్రొడ్యూసిబుల్ బిల్డ్. ఒకే కోడ్ నుంచి ఎవరు ఎక్కడ కట్టినా బైట్ బైట్‌కీ ఒకే ఫైలు రావాలి. అప్పుడు అధికారిక ఫైలుతో మనది పోల్చి, రెండింటి ఎస్‌హెచ్‌ఏ256 (ఫైలు నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య) ఒకటే అయితే, లోపల వేరే ఏమీ కలపలేదని నిర్ధారణ. వినడానికి తేలికే. కానీ ఒకే వడ్లు కోవూరు మిల్లులో పట్టించినా కావలి మిల్లులో పట్టించినా బియ్యం గింజ గింజకీ ఒకటిగా రానట్టే, రెండు కంప్యూటర్లు కట్టిన ఫైళ్లూ మామూలుగా ఒకటి కావు. కంపైల్ చేసిన తేదీ, సమయం, ఫోల్డర్ పేరు, ఫైళ్లని చదివిన వరుస, అన్నీ లోపలికి ఎక్కుతాయి. ఒక్క నిమిషం తేడా ఉన్నా ఎస్‌హెచ్‌ఏ మొత్తం మారిపోతుంది. డెబియన్ అనే లైనక్స్ వాళ్లు 2013 నుంచి ఈ తేడాలని ఒక్కొక్కటే ఏరేస్తున్నారు. సిగ్నల్ ఆండ్రాయిడ్ యాప్‌కి 2016 నుంచి ఈ సౌకర్యం ఉంది. సొంత బిల్డ్ అధికారిక ఫైలుతో కలవకపోతే అధికారికంలో మోసం ఉందని పోస్టులు పెట్టేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇక బిల్డ్ అయిన ఫైలుని స్నేహితులకి పంచుతామంటే వద్దనే చెప్తాను. నెట్ నుంచి దిగిన, సంతకం లేని ప్రోగ్రామ్‌ని విండోస్ స్మార్ట్‌స్క్రీన్ అడ్డుకుంటుంది. కట్టినవాడి కంప్యూటర్లో రాని హెచ్చరిక పుచ్చుకున్నవాడికి వస్తుంది. "ఏం కాదులే, రన్ ఎనీవే నొక్కు" అని మనమే నేర్పితే, రేపు నిజంగా దొంగ ఫైలు వచ్చినా వాడు అదే నొక్కుతాడు. పైగా మన బిల్డ్‌కి అప్‌డేట్లు వాటంతటవి రావు. పీవైజెడ్‌డబ్ల్యూ లాంటి లోపం బయటపడిన రోజు, అధికారిక యాప్ వాడేవాళ్లకి కొత్త వెర్షన్ దానంతటదే వచ్చేస్తుంది, మన బిల్డ్ పాత లోపంతో అలాగే ఉంటుంది. గిట్ పుల్ కొట్టి, సబ్‌మాడ్యూళ్లు అప్‌డేట్ చేసి, మళ్లీ కట్టే ఓపిక ఉన్నవాళ్లే రోజువారీ వాడకానికి సొంత బిల్డ్ పెట్టుకోవాలి. షాపుల్లో అధికారిక సైటు అడ్రసు స్వయంగా టైప్ చేసి దింపుకున్న యాప్ ఉంటే అది చాలు.

రెండు కొసలూ చేతిలో ఉండాలంటే

నేర్చుకోవడానికే అయితే మొదటిసారి టెలిగ్రామ్ జోలికి పోవద్దంటాను. మంబుల్ మేలు. 2005 నుంచి ఉన్న వాయిస్ చాట్ ప్రోగ్రామ్, ఇదీ సి ప్లస్ ప్లస్, క్యూటే. బీఎస్‌డీ లైసెన్స్. కోడ్ సైజు చిన్నది, ఉబుంటులో వచ్చే మామూలు లైబ్రరీలతోనే కట్టుకోవచ్చు. 8 జీబీ లాప్‌టాప్ తట్టుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, క్లయింట్, సర్వర్ రెండూ ఒకే రిపాజిటరీలో ఉన్నాయి. ఏ కంపెనీ ఐడీ అడగదు, ఫోన్ నంబరు అడగదు.

ఇక్కడా సబ్‌మాడ్యూళ్లు మర్చిపోకూడదు. సీమేక్‌కి సర్వర్ ఆఫ్ అని చెప్తే క్లయింట్ ఒక్కటే కడుతుంది, క్లయింట్ ఆఫ్ అంటే సర్వర్ ఒక్కటే. సర్వర్ కట్టేటప్పుడు ఐస్ అనే లైబ్రరీ దొరకలేదని ఆగితే కంగారు అక్కర్లేదు. బయటి ప్రోగ్రామ్‌లు సర్వర్‌ని నడిపించడానికి పెట్టింది అది, మనకి ఇప్పుడు అవసరం లేదు, ఐస్ ఆఫ్ అంటే సరి.

కాలేజీ ల్యాబ్‌లో ఒక సిస్టమ్ మీద సర్వర్ నడిపి, మిగతావాటి మీద క్లయింట్ తెరిచి ఆ సిస్టమ్ ఐపీ అడ్రసు కొడితే చాలు, ఇంటర్నెట్ లేకుండానే మాట్లాడుకోవచ్చు. కనెక్ట్ కాకపోతే ముందు ఫైర్‌వాల్ చూడాలి: పోర్టు 64738, టీసీపీ, యూడీపీ రెండూ తెరిచి ఉండాలి. కాలేజీ వైఫైల్లో కొన్ని ఒక లాప్‌టాప్‌ని ఇంకో లాప్‌టాప్‌తో నేరుగా మాట్లాడనివ్వవు, అప్పుడు కేబుల్ వేసుకోవడమే. మంబుల్‌లో కూడా మాట సర్వర్ దాకానే గుప్తం. సర్వర్ నడిపేవాడు తలుచుకుంటే వినగలడు. కాకపోతే ఇక్కడ సర్వర్ నడిపేది మనమే.

మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు సర్వర్ సర్టిఫికెట్ నమ్మదగింది కాదని హెచ్చరిక వస్తుంది. సర్వర్ తన సర్టిఫికెట్ తనే తయారుచేసుకుంది కాబట్టి అది సహజం. అలవాటు కొద్దీ యెస్ నొక్కేయకుండా, సర్టిఫికెట్ వివరాలు తెరిచి, అక్కడున్న ఫింగర్‌ప్రింట్‌ని సర్వర్ సిస్టమ్‌లో ఉన్న సర్టిఫికెట్‌తో పోల్చి చూడాలి. రెండూ ఒకటైతే అప్పుడు యెస్ నొక్కొచ్చు.